బిడ్డను సర్జన్ చేతికి క్షేమంగా అందించండి

కష్టం వచ్చిన ఇంట్లో అందరూ అనే మాట ఒకటే: "ధైర్యంగా ఉండండి." ధైర్యంగా ఉండటమంటే ఆ గంటలో ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. చేయాల్సిన పని తెలిసినప్పుడే ధైర్యం నిలబడుతుంది. తెలియనప్పుడు ఎంత గుండె నిబ్బరం ఉన్నవాళ్లైనా ఆసుపత్రి వరండాలో కూలబడిపోతారు. ఈ అధ్యాయంలో అందుకు చాలా కఠినమైన ఉదాహరణ ఒకటి తీసుకుంటున్నాను. అన్నవాహిక సరిగా ఏర్పడకుండా బిడ్డ పుడితే ఆ కుటుంబం ఏం చేయాలి?

ఇది అరుదైన లోపం. సుమారు 3,500 కాన్పుల్లో ఒక బిడ్డకు వస్తుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. అరుదైనదే అయినా వచ్చిన ఇంటికి ఆలోచించుకునే వ్యవధి ఇవ్వదు. జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో కాన్పు జరిగితే, ఇలాంటి ఆపరేషన్ చేసే పిల్లల సర్జన్ దగ్గరికి బిడ్డను చేర్చడానికి వరంగల్‌కో హైదరాబాద్‌కో ప్రయాణం తప్పదు. ఆ దూరం దాటేలోపు జరిగే ప్రతి చిన్న పనీ బిడ్డ బతుకును ఒక వైపు తిప్పుతుంది. ఆపరేషన్ సర్జన్ చేస్తాడు. ఆపరేషన్‌కు తట్టుకునే స్థితిలో బిడ్డను ఆ బల్ల మీదికి చేర్చడం మన పని.

లోపల ఏం జరిగింది?

తల్లి కడుపులో పిండానికి నాలుగైదు వారాల వయసున్నప్పుడు ఒకే గొట్టంలోంచి రెండు దారులు విడివడతాయి. ముందుది ఊపిరి పోయే శ్వాసనాళం, వెనకది అన్నం పోయే అన్నవాహిక. ఆ విడిపోవడంలో తేడా వస్తే అన్నవాహిక మధ్యలో తెగిపోతుంది. పై భాగం అడుగు కుట్టేసిన సంచిలా మూసుకుపోతుంది. ఎక్కువమంది పిల్లల్లో, అంటే నూటికి 85 మందిలో, కింది భాగం వెళ్లి శ్వాసనాళానికి అతుక్కుని ఉంటుంది.

దీనివల్ల రెండు ప్రమాదాలు ఒకేసారి మొదలవుతాయి. బిడ్డ మింగిన ఉమ్మి, పాలు కిందికి పోలేక పొంగి ఊపిరితిత్తుల్లో పడతాయి. కడుపులోని యాసిడ్ కింది దారి గుండా నేరుగా శ్వాసనాళంలోకి ఎక్కుతుంది. పైనుంచి పాలు, కిందినుంచి యాసిడ్. మధ్యలో నలిగేది రెండున్నర కిలోల బిడ్డ లేత ఊపిరితిత్తులు. ఈ బిడ్డలకు న్యుమోనియా అంత త్వరగా రావడానికి కారణం ఇదే.

గుర్తులు చెప్పేది బిడ్డే

కాన్పుకు ముందే ఒక సూచన దొరకవచ్చు. కడుపులో బిడ్డ ఉమ్మనీరు మింగుతూ ఉంటుంది. మింగే దారి లేకపోతే ఆ నీరు పేరుకుపోతుంది. అందుకే స్కాన్‌లో ఉమ్మనీరు ఎక్కువగా ఉందన్నా, బిడ్డ కడుపు సంచి చిన్నగా కనిపిస్తోందన్నా డాక్టర్‌ను ఇంకో ప్రశ్న అడగాలి: "కాన్పు ఎక్కడ చేయించుకోమంటారు?" 18 నుంచి 22 వారాల మధ్య చేసే టిఫా స్కాన్‌లో ఈ లోపం చాలాసార్లు బయటపడదు. కాబట్టి స్కాన్ బాగుందన్న ధీమాతో పుట్టాక కనిపించే గుర్తుల్ని వదిలేయకూడదు.

పుట్టాక కనిపించే గుర్తులు ఇవి. నోట్లోంచి, ముక్కులోంచి నురుగు నురుగుగా ఉమ్మి వస్తూనే ఉంటుంది. తుడిచిన కాసేపటికే మళ్లీ వస్తుంది. పాలు తాగించబోతే బిడ్డ ఉక్కిరిబిక్కిరై దగ్గుతుంది, పెదాలు నీలంగా మారతాయి. ఊపిరి వేగంగా, కష్టంగా తీస్తుంది. కొందరికి పొట్ట ఉబ్బుతుంది.

అనుమానం వస్తే చేసే మొదటి పరీక్ష చాలా సులువు. నర్సు ఒక సన్నని ట్యూబును బిడ్డ నోటి గుండా కడుపులోకి దించడానికి చూస్తుంది. మామూలు బిడ్డకైతే అది సాఫీగా కడుపు దాకా పోతుంది. ఈ బిడ్డకు పెదవి దగ్గరి నుంచి కొలిస్తే 10, 12 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. ఇంకా నెడితే వంకర తిరిగి నోట్లోకే వస్తుంది. ట్యూబు అలాగే ఉంచి ఎక్స్‌రే తీస్తే, మెడ కింద ఛాతీ పైభాగంలో అది చుట్టుకుని కనిపిస్తుంది. కడుపులో గాలి కూడా కనిపించిందంటే కింది భాగం శ్వాసనాళానికి కలిసి ఉందని అర్థం. ఈ పరీక్షకు కోట్ల రూపాయల యంత్రాలు అక్కర్లేదు. ఒక ట్యూబు, ఒక ఎక్స్‌రే, అనుమానించే మనసు ఉంటే చాలు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. అంటే ఈ పరీక్ష చేయగల చేతులు దాదాపు ప్రతి బిడ్డ పక్కనా ఉన్నాయి. ఉమ్మి ఆగడం లేదని గమనించి "ఒకసారి ట్యూబు వేసి చూస్తారా?" అని అడగడం మన వంతు. ఆ ప్రశ్న అడగడానికి మొహమాటపడవద్దు.

మొదటి పని: నోట్లో చుక్క కూడా పోయవద్దు

మన ఇళ్లలో బిడ్డ పుట్టగానే తేనె నాకిస్తారు, చక్కెర నీళ్లు పోస్తారు, కొన్ని చోట్ల మేకపాలు పడతారు. ఏ బిడ్డకూ ఇవి మంచివి కావు. ఈ బిడ్డకు మాత్రం ఒక్క చెంచా కూడా ప్రాణం మీదికి తేవచ్చు. అలాగని పెద్దవాళ్లను కసురుకుంటే పని జరగదు. వాళ్లు పోసేది ప్రేమతో. ఆ ప్రేమకు కారణం చెప్పి ఒప్పించాలి. ప్రసూతి వార్డులో ఆ మాటలు ఇలా సాగితే బాగుంటుంది.

"పుట్టి రెండు గంటలాయె నర్సమ్మా. పొల్లకు గొంతెండుకపోతది. చెంచాతోని జరన్ని చక్కెర నీళ్లు పోస్త."

"వద్దు అవ్వా. బిడ్డకు అన్నం పొయ్యే తొవ్వ మూసుకపోయినట్టున్నది. నువ్వు పోసిన నీళ్లు కడుపులకు పోవు, ఊపిరితిత్తులల్ల పడ్తయి."

"మరి ఆకలైతది గదా బిడ్డా?"

"చేతికి గ్లూకోజ్ ఎక్కిస్తున్నం. ఆకలి సంగతి మేం జూసుకుంటం. నువ్వు బిడ్డ తల కిందికి జారకుంట జూసుకో. ఉమ్మి ఎక్కువొస్తే నన్ను పిలువు."

ఆ నర్సు చేసిన పనిని గమనించండి. వద్దని చెప్పి ఊరుకోకుండా ఆ అవ్వకు చేయడానికి ఒక పని అప్పగించింది. ఆందోళనలో ఉన్న మనిషికి పని దొరికితే చేతులు కుదురుకుంటాయి. మీ ఇంట్లో ఏ కష్టం వచ్చినా ఇది గుర్తుపెట్టుకోండి: ఎవరినీ ఖాళీగా నిలబెట్టి ఏడవనివ్వకండి, ప్రతి ఒక్కరికీ ఒక పని ఇవ్వండి.

దారిలో ఆరు జాగ్రత్తలు

జనగామ నుంచి హైదరాబాద్ 163వ జాతీయ రహదారి మీద ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. భూపాలపల్లి నుంచి పరకాల మీదుగా వరంగల్‌కు అరవై కిలోమీటర్లకు పైనే. గోదావరి ఒడ్డున మహదేవ్‌పూర్, కాళేశ్వరం వైపు ఊళ్లకైతే అది ఇంకా దూరం. మహబూబాబాద్ జిల్లాలో కొత్తగూడ, గంగారం మండలాల తండాలు, గూడేల నుంచి జిల్లా కేంద్రానికి రావడమే ఒక ప్రయాణం. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. దానివల్ల బిడ్డను నిలకడ పరిచే మొదటి చికిత్స దగ్గర్లోనే దొరికే అవకాశం పెరిగింది. అన్నవాహిక ఆపరేషన్‌కు మాత్రం పిల్లల సర్జన్, పసిబిడ్డలకు మత్తు ఇవ్వగల డాక్టర్, వెంటిలేటర్ ఉన్న నవజాత శిశు విభాగం మూడూ ఒకే చోట ఉండాలి. హైదరాబాద్‌లో 1953 నుంచి పిల్లల వైద్యానికి పెద్ద దిక్కుగా ఉన్న నీలోఫర్ అలాంటి ఆసుపత్రి.

ప్రయాణంలో ఈ ఆరు జాగ్రత్తలు పాటించేలా చూసుకోండి.

ఒకటి, బయల్దేరక ముందే ఫోన్. పంపే డాక్టర్‌తో చేర్చుకునే ఆసుపత్రికి ఫోన్ చేయించండి. "పిల్లల సర్జన్ ఉన్నారా, వెంటిలేటర్ ఖాళీ ఉందా?" ఈ రెండూ తెలుసుకోకుండా బండి కదిలితే ఒక ఆసుపత్రి గేటు నుంచి ఇంకో గేటుకు తిరుగుతూ పొద్దుపోతుంది. ముందు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లాలా, నేరుగా హైదరాబాద్‌కు వెళ్లాలా అన్నది ఆ ఫోన్‌లోనే తేల్చుకోవాలి.

రెండు, వాహనం. సొంత కారు, ఆటో వద్దు. 108కు చెప్పేటప్పుడు "అప్పుడే పుట్టిన బిడ్డ, ఊపిరికి ఇబ్బందిగా ఉంది, ఆక్సిజన్, సక్షన్ కావాలి" అని స్పష్టంగా చెప్పండి. నవజాత శిశువుల అంబులెన్స్ దొరుకుతుందేమో అడగండి.

మూడు, తల ఎత్తుగా. బిడ్డ తల, ఛాతీ భాగం 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉండాలి. కడుపులో యాసిడ్ పైకి ఎగదన్నకుండా ఇది కాపాడుతుంది.

నాలుగు, సక్షన్. పై సంచిలో చేరే ఉమ్మిని ట్యూబుతో లాగేస్తూ ఉండాలి. దారి పొడవునా కొద్ది నిమిషాలకోసారి ఈ పని జరగాలి. బిడ్డ పక్కన కూర్చున్నవాళ్లు నిద్రపోకుండా నోరు గమనిస్తూ సిబ్బందికి చెబుతుండాలి.

ఐదు, వెచ్చదనం. తలకు టోపీ, కాళ్లకు సాక్సులు, పొడి బట్ట. తడిసిన బట్ట వెంటనే మార్చాలి. బిడ్డ ఒళ్లు చల్లబడితే రక్తంలో చక్కెర పడిపోతుంది, ఊపిరి ఇంకా కష్టమవుతుంది.

ఆరు, కాగితాలు. ఎక్స్‌రే, పుట్టిన సమయం, బరువు, ఇచ్చిన ఇంజెక్షన్లు, ముఖ్యంగా విటమిన్ కె ఇచ్చారా లేదా అన్నది రాసిన రిఫరల్ చీటీ ఒక కవర్లో పెట్టి ఒకే మనిషి చేతిలో ఉంచండి.

'హై రిస్క్' అన్న మాటకు భయపడకుండా లెక్క చూడండి

ఆసుపత్రిలో డాక్టర్ "హై రిస్క్ బేబీ" అనగానే చాలామంది తల్లిదండ్రులు ఆ తర్వాతి మాటలు వినరు. వినాలి. ఆ మాట వెనక లెక్క ఉంది. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో డేవిడ్ వాటర్‌స్టన్ 1962లో మూడు విషయాలను బట్టి ఈ పిల్లలను వర్గాలుగా విడదీశాడు: పుట్టిన బరువు, న్యుమోనియా, వేరే అవయవాల లోపాలు. అదే ఆసుపత్రిలో లూయిస్ స్పిట్జ్ బృందం 1994లో ఆ లెక్కను సరళం చేసింది. బరువు 1,500 గ్రాములకు తగ్గకుండా, గుండెలో పెద్ద లోపం లేకుండా ఉంటే నూటికి 97 మంది బతికారు. తక్కువ బరువు, పెద్ద గుండె లోపం అనే రెండింటిలో ఒకటి ఉన్న రెండో వర్గంలో 59 మంది, రెండూ ఉన్న మూడో వర్గంలో 22 మంది. 2006లో అదే ఆసుపత్రి వివరాలు చూస్తే రెండో వర్గంలో 82 శాతం, మూడో వర్గంలో 50 శాతం పిల్లలు బతికారు. సర్జరీ అదే, జబ్బు అదే. నవజాత శిశువుల సంరక్షణ మెరుగుపడేకొద్దీ హై రిస్క్ పిల్లలు ఎక్కువమంది బతుకుతున్నారు.

ఇవి లండన్ లెక్కలు. మన దగ్గర ఆలస్యంగా చేరడం, దారిలో చల్లబడటం, ముందే పాలు పోయడం వల్ల న్యుమోనియా రావడం అనే మరో భారం కలుస్తుంది. ఇప్పుడు వాటర్‌స్టన్ చెప్పిన మూడు విషయాలను మళ్లీ చూడండి. బరువు మన చేతిలో లేదు. వేరే అవయవాల లోపాలు మన చేతిలో లేవు. న్యుమోనియా మాత్రం చాలావరకు మన చేతిలో ఉంది. నోట్లో ఏమీ పోయకపోవడం, తల ఎత్తుగా పెట్టడం, ఉమ్మి లాగడం, తొందరగా చేరడం అనే నాలుగు పనులూ ఆ ఒక్క ప్రమాదాన్ని తగ్గించడానికే. ఎంత పెద్ద కష్టంలోనైనా మన చేతిలో ఉన్న భాగాన్ని ఇలా విడదీసి చూసుకోండి. చూసుకున్నాక శక్తినంతా దాని మీదే పెట్టండి.

డాక్టర్‌ను ఏం అడగాలి?

ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి వేరే అవయవాల్లోనూ లోపాలు ఉండవచ్చు. గుండె, వెన్నెముక, మూత్రపిండాలు, మలద్వారం, చేతి ఎముకలు అన్నీ చూడాలి. ఆపరేషన్‌కు ముందు గుండె స్కాన్ తప్పనిసరిగా చేస్తారు. ఒక కాగితం మీద ఈ ప్రశ్నలు రాసుకుని వెళ్లండి. జవాబులు కూడా అక్కడే రాసుకోండి.

బిడ్డ గుండె ఎలా ఉంది? ఊపిరితిత్తుల్లో న్యుమోనియా ఉందా? రెండు కొసల మధ్య దూరం ఎంత ఉండవచ్చు? ఒకేసారి కలుపుతారా, విడతలుగా చేస్తారా? విడతలుగా అయితే మధ్యలో బిడ్డకు పాలు ఎలా ఇస్తాం? మాతో రోజూ మాట్లాడే డాక్టర్ ఎవరు, ఏ సమయంలో?

ఒక మాట నెమ్మదిగా చెప్పాలి. కొందరు బిడ్డలకు క్రోమోజోముల తీవ్ర లోపమో, మెదడులో పెద్ద రక్తస్రావమో కూడా ఉంటుంది. అప్పుడు డాక్టర్లు ఆపరేషన్ వల్ల బిడ్డకు మేలు జరుగుతుందా అన్న చర్చ తెస్తారు. ఆ చర్చ నుంచి పారిపోవద్దు. తల్లిదండ్రులిద్దరూ కలిసి కూర్చుని వినండి. ఏ నిర్ణయం తీసుకున్నా బిడ్డకు నొప్పి లేకుండా చూడమని అడిగే హక్కు మీకుంది.

ఆపరేషన్ ఎలా చేస్తారు?

ఈ లోపం గురించి 17వ శతాబ్దం నుంచి వైద్యులు రాస్తూనే ఉన్నారు, కాపాడటం మాత్రం తెలియలేదు. 1939లో అమెరికాలో ఇద్దరు సర్జన్లు, విలియం లాడ్, లోగన్ లెవెన్, వేరువేరుగా తమ దగ్గరికి వచ్చిన పిల్లలను విడతల ఆపరేషన్లతో బతికించారు. 1941లో మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్‌లో కామెరాన్ హైట్ 12 రోజుల ఆడబిడ్డకు రెండు కొసలనూ ఒకేసారి కలిపి విజయం సాధించాడు. అంతకు ముందు వందల ఏళ్లు ఈ లోపంతో పుట్టిన బిడ్డలు దాదాపు అందరూ పోయారు.

ఇప్పుడు ఎక్కువమందికి పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లోనే ఆపరేషన్ చేస్తారు. కుడి చంక కింద పక్కటెముకల మధ్య చిన్న గాటు పెడతారు. శ్వాసనాళానికి అతుక్కున్న దారిని కోసి కుట్టేస్తారు. తర్వాత అన్నవాహిక రెండు కొసలనూ వెంట్రుకంత సన్నని దారంతో కలుపుతారు. ముక్కు గుండా ఒక ట్యూబును ఆ కుట్ల మీదుగా కడుపులోకి దించుతారు. కొన్ని రోజుల తర్వాత దాని ద్వారా తల్లిపాలు మొదలవుతాయి. వారం నాటికి రంగుమందు ఎక్స్‌రే తీసి కుట్లు కారడం లేదని చూసుకున్నాక నోటి ద్వారా పాలు ఇస్తారు.

హై రిస్క్ బిడ్డకు పద్ధతి మారుతుంది. అప్పుడు "ఇంకా ఆపరేషన్ పూర్తి చేయలేదు" అంటే నిర్లక్ష్యం అనుకోకండి. బిడ్డ మరీ బరువు తక్కువగా ఉన్నా, వెంటిలేటర్ మీద ఉన్నా సర్జన్ ముందు శ్వాసనాళానికి ఉన్న తప్పుడు దారిని మాత్రమే మూస్తారు. లేకపోతే వెంటిలేటర్ గాలి ఊపిరితిత్తులకు పోకుండా కడుపులోకి పోతుంది. తర్వాత పొట్ట మీద చిన్న రంధ్రం చేసి, నేరుగా కడుపులోకి ట్యూబు పెట్టి పాలు ఇస్తారు. బిడ్డ బరువు పెరిగాక, ఊపిరితిత్తులు కుదుటపడ్డాక కొసలు కలుపుతారు. కొసల మధ్య దూరం మరీ ఎక్కువైతే రెండు మూడు నెలలు ఆగుతారు. ఆ లోపు కొసలు పెరిగి దగ్గరవుతాయి. అప్పటికీ అందకపోతే మెడ దగ్గర ఉమ్మి బయటికి వచ్చే దారి పెట్టి, బిడ్డకు ఏడాది వయసు వచ్చే సమయానికి కడుపునో పెద్దపేగు ముక్కనో పైకి తెచ్చి కొత్త అన్నవాహికగా అమరుస్తారు.

ఈ ఎదురుచూపుల నెలల్లో తల్లికి ఒక గొప్ప పని ఉంది. డాక్టర్ ఒప్పుకున్నాక, మెడ దగ్గర దారి పెట్టిన బిడ్డకు రోజూ కొద్దికొద్దిగా పాలు నోటికి అందిస్తారు. బిడ్డ చప్పరించి మింగుతుంది. ఆ పాలు మెడ దగ్గర పెట్టిన మెత్తని బట్టలోకి వచ్చేస్తాయి. అదే సమయంలో పొట్ట ట్యూబులోకి అసలు పాలు వెళుతుంటాయి. చూసేవాళ్లకు ఇది వృథాగా అనిపిస్తుంది. నిజానికి ఆ బిడ్డ ఇక్కడ మూడు సంగతులు నేర్చుకుంటోంది: చప్పరించడం, మింగడం, నోట్లో పాలు పడితే కడుపు నిండుతుందన్న నమ్మకం. ఈ అలవాటు లేని బిడ్డకు రేపు కొత్త అన్నవాహిక అమర్చినా నోరు తెరిచి తినడం నేర్పడానికి చాలా కాలం పడుతుంది. బట్ట తడిసిన ప్రతిసారీ బిడ్డ ఒక పాఠం పూర్తి చేసిందని లెక్కపెట్టుకోండి.

ఇంట్లోవాళ్లు పని పంచుకోండి

తెలంగాణలో పదింట ఆరు కాన్పులు సిజేరియన్లే. కాబట్టి తల్లి జనగామలో కుట్లతో మంచం మీద ఉండగా బిడ్డ హైదరాబాద్‌లో ఉండే పరిస్థితి చాలామందికి వస్తుంది. అప్పుడు ముగ్గురు మనుషులు కావాలి. ఒకరు బిడ్డ దగ్గర, ఒకరు కాగితాలు, డబ్బు పనుల మీద, ఒకరు తల్లి దగ్గర. తల్లి దగ్గర ఉన్న మనిషి పని ఓదార్చడంతో అయిపోదు. రెండు మూడు గంటలకోసారి పాలు పిండించాలి. పిండకపోతే పాలు ఇంకిపోతాయి. బిడ్డకు పాలు మొదలుపెట్టే రోజున తల్లిపాలే మంచి మందు. నీలోఫర్‌లో తల్లిపాల బ్యాంకు కూడా ఉంది.

కాగితాల మనిషి నేరుగా ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో పుట్టుకతో వచ్చే అన్నవాహిక లోపానికి చేసే ఆపరేషన్ ఉంది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా పరిమితి పెంచారు. బిడ్డ పేరు ఇంకా రేషన్ కార్డులో ఎక్కలేదని వెనకాడకండి. తల్లిదండ్రుల కార్డు, ఆధార్, బిడ్డ పుట్టినట్టు ఆసుపత్రి ఇచ్చిన పత్రం పట్టుకుని వెళ్లి అడగండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో జబ్బుపడ్డ నవజాత శిశువులకు ఉచిత చికిత్స, ఉచిత రవాణా ఇచ్చే జననీ శిశు సురక్షా కార్యక్రమం 2011 నుంచి ఉంది. పొలం తాకట్టు పెట్టే ముందు, మిత్తికి తెచ్చే ముందు ఈ తలుపులన్నీ తట్టండి.

తల్లి మీద నింద పడనివ్వకండి

"గ్రహణం నాడు బయటికి వచ్చింది." "తినకూడనిది తిన్నది." ఈ మాటలు ఏదో ఒక నోటి వెంట వస్తాయి. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. ఈ తేడా వచ్చేది గర్భం నిలిచిన నాలుగైదు వారాలకు. చాలామంది తల్లులకు అప్పటికి నెల తప్పిన సంగతే సరిగా తెలిసి ఉండదు. ఎక్కువమందిలో ఎందుకు వచ్చిందో చెప్పగల కారణమే కనిపించదు. తర్వాతి కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం చాలా తక్కువ. నింద మోపే మాట వినబడగానే భర్త, అత్త గట్టిగా అడ్డుకోవాలి. పాలు పిండాల్సిన తల్లి, రాత్రంతా మేలుకోవాల్సిన తల్లి ఆ బరువు మోయలేదు, మోయకూడదు.

ఇంటికి వచ్చాక

ఆపరేషన్‌తో పని ముగిసిపోదు. కుట్లు పడిన చోట అన్నవాహిక సన్నబడటం చాలా మామూలు, ముగ్గురిలో ఒకరికి పైగా ఇది వస్తుంది. పాలు తాగడానికి ఎక్కువ సేపు పట్టడం, ఉక్కిరిబిక్కిరి కావడం, ఉమ్మి మళ్లీ కారడం దాని గుర్తులు. ఆసుపత్రిలో మత్తు ఇచ్చి సన్నబడ్డ చోటును వెడల్పు చేస్తారు. కొందరికి ఇది చాలాసార్లు చేయాల్సి వస్తుంది. మళ్లీ వెళ్లాల్సి వస్తే ఆపరేషన్ పాడైందని దిగులు పడకండి, చికిత్సలో అదీ ఒక భాగమే.

పాలు కొద్దికొద్దిగా, నెమ్మదిగా పట్టండి. తాగాక అరగంట బిడ్డను నిలువుగా ఎత్తుకోండి. ఆరు నెలల తర్వాత మెత్తగా, జారుగా చేసిన అన్నం పప్పు, గంజి, గట్క. పళ్లు బాగా వచ్చి నమలడం నేర్చేదాకా మటన్ ముక్కలు, ఎండు రొట్టె వద్దు. పల్లీలు, మక్కపేలాలు, గింజ తీయని రేగుపళ్లు అసలే వద్దు. తినేటప్పుడు మధ్య మధ్య నీళ్లు తాగించండి.

ఈ పిల్లల దగ్గు గరగరమంటూ, కంచు మోగినట్టు ఉంటుంది. శ్వాసనాళం గోడ మెత్తగా ఉండటం వల్ల ఇలా వస్తుంది, వయసుతో చాలావరకు తగ్గుతుంది. కోరింత దగ్గు అనుకుని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మందులు మింగించకండి. తాగేటప్పుడు, ఏడ్చేటప్పుడు బిడ్డ నీలంగా మారినా, ఊపిరి ఆగినట్టు అనిపించినా, మాటిమాటికీ న్యుమోనియా వస్తున్నా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. టీకాలు ఒక్కటీ తప్పనివ్వకండి. ఆశా కార్యకర్త మొదటి 42 రోజుల్లో ఇంటికి వస్తుంది. ఆమెకు బిడ్డ సంగతి పూర్తిగా చెప్పండి, ప్రతిసారీ బరువు తూయించండి.

ఈ వారం చేయాల్సిన పనులు

మీ ఇంట్లో గర్భిణి ఉన్నా లేకపోయినా ఈ మూడు పనులు చేయండి. మొదటిది, మీకు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి నవజాత శిశు విభాగం ఎక్కడుందో, దాని ఫోన్ నంబర్ ఏమిటో తెలుసుకుని ఇంటి గోడ మీద 108 పక్కన రాయండి. రెండోది, మీ ఊరి ఆశా కార్యకర్తను, మంత్రసానిని, ఒక పెద్దవ్వను కూర్చోబెట్టి ఈ ఒక్క సంగతి చెప్పండి: ఉమ్మి నురుగుగా ఆగకుండా వస్తున్న పసిబిడ్డ నోట్లో ఏమీ పోయకూడదు, ట్యూబు వేసి చూడాలి. మూడోది, మీ కుటుంబంలో అత్యవసరం వస్తే ఎవరు వెంట వెళతారు, ఎవరు కాగితాలు చూస్తారు, ఎవరు ఇంట్లో ఉంటారు అన్నది ఇవాళే మాట్లాడుకుని పేర్లు రాసి పెట్టుకోండి.

ఈ పనులకు ఒక పూట చాలు. మీ ఇంటికి ఈ కష్టం ఎప్పటికీ రాకపోవచ్చు, రాకూడదనే కోరుకుందాం. మీ ఊళ్లో ఎవరి ఇంటికైనా వస్తే, ఆ రాత్రి చేయాల్సింది తెలిసిన ఒక మనిషి అక్కడ ఉండాలి. ఆ మనిషి మీరే కండి.